జర్మన్ నిత్యసంభాషణలో ఆశ్చర్య ప్రకటన

జర్మన్ మాట్లాడేవారు తమ అంచనాకు భిన్నమైన విషయం ఎదురైనప్పుడు, ఆ భిన్నత్వాన్ని ఎదుటివారికి తెలియజేయడానికి వాడే పదాలు, నిపాతాలు, వాక్యరూపాలు, జాతీయాలు, స్వరభేదాల సముదాయాన్ని జర్మన్ నిత్యసంభాషణలోని ఆశ్చర్య ప్రకటనగా భాషాశాస్త్రంలో అధ్యయనం చేస్తారు. ఆశ్చర్యం అనగానే "అఖ్", "ఓ", "ననూ" వంటి విస్మయార్థక అవ్యయాలు మొదట గుర్తుకు వచ్చినప్పటికీ, ఈ భాషలో ఆ పనిలో పెద్ద భాగాన్ని నెరవేర్చేవి వాక్యం మధ్యలో సాధారణంగా ఒత్తు లేకుండా పలికే "యా", "ఆబర్", "డెన్", "డొఖ్" అనే చిన్న మాటలు. వక్త ఆశ్చర్యపడ్డాడన్న సంగతితో పాటు, అంతకుముందు అతడు ఏమి అనుకొని ఉన్నాడో, ఆ అంచనా ఏ అంశంలో తప్పిందో కూడా వీటి ద్వారా శ్రోతకు తెలుస్తుంది.

ఈ వ్యాసంలో జర్మన్ మాటలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది. "అఖ్", "డొఖ్" అన్న మాటల్లోని ఖకారం గొంతు వెనుక రాపిడితో పుట్టే ధ్వనికి, "ఇష్", "ఎష్ట్" అన్న మాటల్లోని షకారం అంగిలి దగ్గర మెత్తగా పుట్టే ధ్వనికి, "జో", "జాగెన్" అన్న మాటల్లోని జకారం సకారపు నాదరూపానికి సంకేతాలు.

భావన, పదజాలం

ఆశ్చర్యం అనేది మనస్సులో ముందే ఏర్పడి ఉన్న నమూనాకూ ఎదురైన సంఘటనకూ పొంతన కుదరనప్పుడు కలిగే స్థితి అన్న వివరణను బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వుల్ఫ్-ఉవె మేయర్, రైనర్ రైజెన్‌త్సైన్, ఆఖిమ్ ష్యుట్స్‌వోల్ అనే మనస్తత్వవేత్తలు 1997లో విస్తరించి ప్రతిపాదించారు. ఎత్తిన కనుబొమలు, విప్పారిన కళ్లు, తెరచిన నోరు కలిసి ఉన్న పూర్తి ముఖకవళిక నిజంగా ఆశ్చర్యపడినవారిలో అరుదుగానే కనిపిస్తుందని రైజెన్‌త్సైన్, ఆయన సహచరులు తర్వాత చేసిన ప్రయోగాల్లో తేలింది. ముఖం ఇంత తక్కువగా చెప్పేచోట, సంభాషణలో ఆశ్చర్యాన్ని గుర్తించే భారం ఎక్కువగా మాట మీదనే పడుతుంది.

ఈ భావానికి జర్మన్‌లో పేర్లు అనేకం. "యూబర్‌రషుంగ్" అనుకోని విషయం ఎదురవడాన్ని సూచించే సాధారణ పదం కాగా, "ష్టౌనెన్" అన్నదానిలో మెచ్చుకోలు, అబ్బురపాటు కలిసి ఉంటాయి. "జిష్ వుండర్న్" అనే క్రియలో కారణం అంతుపట్టకపోవడం, కొన్ని సందర్భాల్లో మృదువైన ఆక్షేపణ ధ్వనిస్తాయి. మాట పడిపోయేంత నివ్వెరపాటు "ఫెర్‌బ్ల్యుఫుంగ్". స్విట్జర్లాండులో వాడే "ఎస్ నిమ్ట్ మిష్ వుండర్" అన్న మాటకు ఆశ్చర్యం కలిగిందని కాక, తెలుసుకోవాలన్న కుతూహలం ఉందని అర్థం.

విస్మయార్థక అవ్యయాలు

వాక్యంతో వ్యాకరణ సంబంధం లేకుండా, ఒక్క మాటే పూర్తి ఉక్తిగా నిలిచే పదాలు ఈ వర్గంలోకి వస్తాయి. ఇవన్నీ ఆశ్చర్యాన్నే తెలిపినా, ఒకదాని స్థానంలో మరొకటి వాడదగినవి కావు. చిన్నపాటి ఉలికిపాటుకు "హుఖ్", కాలు తడబడినప్పుడు గానీ వస్తువు చేజారినప్పుడు గానీ "హొప్లా", ఉండవలసిన చోట వస్తువు కనిపించనప్పుడు కలిగే అయోమయానికి "ననూ", అవతలివారు చెప్పింది బొత్తిగా అర్థం కానప్పుడు మొరటుగా "హే", ఘనత చూసి అబ్బురపడినప్పుడు "బోఆ" లేదా ఇంగ్లీషు నుంచి వచ్చిన "వావ్", విషయం కొంత ఆందోళనకరమని తోచినప్పుడు "ఒహా" వాడతారు. మనిషి అని అర్థమిచ్చే "మెన్ష్", ఉరుములతో కూడిన గాలివాన అని అర్థమిచ్చే "డొనర్‌వెటర్" వంటి నామవాచకాలు కూడా ఇదే పనికి వస్తాయి. రెండవది మెచ్చుకోలుకూ కోపానికీ సమానంగా వాడే మాట. పిచ్చి అని అర్థమిచ్చే "వాన్‌జిన్" అన్న నామవాచకం, 1989 నవంబరు 9 రాత్రి బెర్లిన్ గోడ దాటి వచ్చినవారి నోట, వారికి స్వాగతం పలికినవారి నోట పదే పదే వినిపించి, ఆ సంఘటన జ్ఞాపకంతో విడదీయరానిదిగా మిగిలింది.

దైవనామాలు, వాటి మారురూపాలు

పాత విస్మయార్థకాల్లో పెద్ద భాగం క్రైస్తవ మతవ్యవహారం నుంచి వచ్చింది. "మైన్ గొట్" (నా దేవుడా), "ఉమ్ గొటెస్ విలెన్" (దేవుడి కోసం) అన్నవి నేటికీ మతంతో నిమిత్తం లేకుండా అందరి నోటా వినిపిస్తాయి. దైవనామాన్ని వ్యర్థంగా ఉచ్చరించరాదన్న నిషేధం వల్ల ఆ పేర్లను కావాలని వికృతం చేసి పలికే ఆచారం ఏర్పడగా, యేసు ప్రభువును పిలిచే మాట కుదించుకుపోయి "హెర్‌యే" అయింది. అదే పిలుపు లాటిన్ సంబోధనతో కలిసి "ఓయేమినే" అయింది. "పొట్స్‌టౌజెంట్" మొదలైన పాత మాటల్లోని "పొట్స్" దేవుని పేరుకు షష్ఠీవిభక్తి రూపమైన "గొటెస్" నుంచి పుట్టింది. మతసంస్కారాన్ని తెలిపే "జక్రమెంట్" కొద్దిగా మారి "జాపర్మెంట్" అయింది. దేవుని స్థానంలో నిరపాయకరమైన మాటను నిలపడం మరొక పద్ధతి. "అఖ్ డూ మైనె గ్యూటె" (ఓ నా మంచితనమా), "అఖ్ డూ లీబె త్సైట్" (ఓ ప్రియమైన కాలమా) ఇటువంటివి. "అఖ్ డూ" అన్న ఇదే చట్రంలో "అఖ్ డూ గ్ర్యూనె నొయ్నె" (ఓ ఆకుపచ్చ తొమ్మిదీ), "అఖ్ డూ డికెస్ ఐ" (ఓ లావుపాటి గుడ్డూ) వంటి హాస్యరూపాలు కూడా పుట్టాయి.

ఛాయా నిపాతాలు

జర్మన్ ఆశ్చర్య ప్రకటనకు ప్రత్యేకతను తెచ్చేవి "అప్‌ట్యోనుంగ్స్‌పార్టీకెల్" అని పిలిచే నిపాతాలు. నిపాతం అంటే లింగ వచన విభక్తులు లేని చిన్న పదం. ఇవి వాక్యానికి కొత్త సమాచారం చేర్చకుండా, చెప్పే విషయం పట్ల వక్త వైఖరికి ఒక ఛాయను అద్దుతాయి కనుక వీటిని తెలుగులో ఛాయా నిపాతాలు అనవచ్చు. శైలిబోధకులు వీటిని చాలాకాలం ఖాళీలు పూరించే వ్యర్థపదాలుగా నిరసించగా, హారాల్డ్ వైట్ 1969లో వెలువరించిన గ్రంథం ఇవి క్రమబద్ధమైన అర్థం గల పదవర్గమని నిరూపించి, పై పేరును స్థిరపరచింది.

ఆశ్చర్యార్థంలో వీటి మధ్య గల భేదాన్ని వివరించడానికి పండితులు వాడే ప్రసిద్ధ ఉదాహరణ టీ వేడికి సంబంధించినది. "డేర్ టే ఇస్ట్ యా హైస్!" అన్నప్పుడు వక్త టీ వేడిగా ఉండదనే అనుకొని ఉన్నాడు, తప్పిన అంచనా విషయానికి సంబంధించినది, దాని తెలుగు భావం "టీ వేడిగా ఉందే!" అని. "డేర్ టే ఇస్ట్ ఆబర్ హైస్!" అన్నప్పుడు టీ వేడిగా ఉంటుందని వక్తకు ముందే తెలుసు, ఇంత వేడి ఉంటుందని మాత్రం అనుకోలేదు, ఇక్కడ తప్పింది పరిమాణం గురించిన అంచనా. "డేర్ టే ఇస్ట్ ఫిలైష్ట్ హైస్!" అన్నప్పుడు వేడి మామూలు కొలతలన్నిటినీ దాటిందన్న అతిశయం వ్యక్తమవుతుంది. విడిగా చూస్తే "యా" అవును అని, "ఆబర్" కానీ అని, "ఫిలైష్ట్" బహుశా అని అర్థమిచ్చే మాటలు. ఛాయా నిపాతాలుగా వాడినప్పుడు ఆ అర్థాలేవీ పైకి కనిపించవు.

మామూలు వాక్యాల్లో "యా" ఉభయులకూ తెలిసిన విషయాన్ని గుర్తుచేస్తుంది. ఆశ్చర్యవాక్యంలో మాత్రం ఆ విషయం ఇప్పుడే కళ్లెదుట నిలిచి కాదనలేనిదయిందని అది సూచిస్తుంది, వెతుకుతున్న మనిషి హఠాత్తుగా కనిపించినప్పుడు అనే "డా బిస్ట్ డూ యా!" (ఇక్కడున్నావా!) ఇందుకు ఉదాహరణ. "డొఖ్" వైరుధ్యాన్ని తెలుపుతుంది: "డస్ గిప్ట్స్ డొఖ్ నిష్ట్!" అన్నదానికి అటువంటిది లేదు అని శబ్దార్థం కాగా, కళ్లెదుట ఉన్నదానికీ నమ్మకానికీ మధ్య ఏర్పడిన ఘర్షణను నిపాతం పట్టి చూపడం వల్ల అది "ఇలా కూడా జరుగుతుందా!" అన్న భావాన్ని సంతరించుకుంటుంది. ప్రశ్నల్లో "డెన్", "ఎట్వా" ఈ పని చేస్తాయి. ఊహించని చోట పరిచితుడు ఎదురైనప్పుడు "వస్ మఖ్స్ట్ డూ డెన్ హీర్?" (నువ్వేమిటి ఇక్కడ?) అనడం స్నేహపూర్వకం, అదే ప్రశ్నను "డెన్" లేకుండా అడిగితే విచారణలా వినిపించే అవకాశం ఉంది. అవును, కాదు అన్న జవాబు కోరే ప్రశ్నలో "ఎట్వా" చేరితే, సమాధానం అవునని వస్తుందేమోనన్న అనుమానంతో పాటు, అలా కాకూడదన్న కోరిక కూడా పలుకుతుంది, "హస్ట్ డూ డస్ ఎట్వా ఫెర్‌గెసెన్?" అన్న ప్రశ్నకు "కొంపదీసి మరిచిపోయావా ఏమిటి?" అన్నది దగ్గరి తెలుగు రూపం.

వాక్య నిర్మాణం

జర్మన్ నిశ్చయార్థక వాక్యంలో క్రియ రెండవ స్థానంలో నిలవడం నియమం. ఆశ్చర్యార్థక వాక్యాలు ఈ నియమం నుంచి పలు విధాలుగా తొలగిపోతాయి. క్రియను వాక్యాదికి తెచ్చి, ప్రశ్నరూపంలోనే ఉన్నప్పటికీ స్వరం దిగుతూ ముగిసే "బిస్ట్ డూ ఆబర్ గ్రోస్ గెవొర్డెన్!" (ఎంత పెద్దవాడివైపోయావు!) అన్నది చాలాకాలం తర్వాత చూసిన పిల్లలతో పెద్దలు తప్పకుండా అనే మాట. తెలుగు "అని"కి సమానమైన "డస్" అనే సంయోజకపదంతో మొదలై క్రియను చివర నిలుపుకొనే ఉపవాక్యం ఒంటరిగా నిలబడి, "డస్ డూ డస్ నొఖ్ వైస్ట్!" (అది నీకింకా గుర్తుందంటే!) అన్న తరహా వాక్యమవుతుంది. ఎంత, ఎటువంటి అని అర్థమిచ్చే "వీ", "వస్ ఫ్యూర్" అనే ప్రశ్నార్థకాలతో మరొక రకం ఏర్పడుతుంది. పదక్రమం మారకుండానే నిర్దేశక సర్వనామం మీద బలమైన ఒత్తు పెట్టి "డేర్ కన్ జింగెన్!" (వాడు పాడతాడంటే అలా ఇలా కాదు!) అనడం కూడా సాధారణమే.

ఇటీవలి దశాబ్దాల్లో వ్యాపించిన "వీ గైల్ ఇస్ట్ డస్ డెన్?" అన్న నిర్మాణాన్ని భాషాశాస్త్రవేత్త పేటర్ ఔవర్ 2016లో ప్రత్యేకంగా చర్చించారు. ఒకప్పుడు కామసంబంధమైన అర్థంలో వాడి, తర్వాత అద్భుతమన్న అర్థానికి మారిన "గైల్" స్థానంలో ముద్దైన, మూర్ఖమైన వంటి ఏ విశేషణాన్నైనా చేర్చగల ఈ చట్రం, చూడటానికి ప్రశ్నే అయినా జవాబును కోరదు. ఎదుటివారి ఏకీభావాన్ని మాత్రమే కోరుతుంది.

కొన్ని భాషల్లో ఊహించని విషయాన్ని సూచించడానికి క్రియకే ప్రత్యేక ప్రత్యయాలు చేరుతాయి. స్కాట్ డిలాన్సీ 1997లో వెలువరించిన వ్యాసంతో ఈ విస్మయబోధక వ్యాకరణాంశం విస్తృత చర్చకు వచ్చింది. జర్మన్ క్రియకు అటువంటి రూపం లేదు. నిపాతం, పదక్రమం, ఒత్తు మూడూ కలిసి ఆ లోటును పూరిస్తాయి.

స్వరం, సంభాషణ క్రమం

ఒకే మాట స్వరాన్ని బట్టి వేర్వేరు పనులు చేస్తుంది. "వస్?" (ఏమిటి?), "వీ బిటె?" అన్న ప్రశ్నలు మామూలు స్థాయిలో పలికితే వినబడలేదని అర్థం; హెచ్చుస్థాయిలో, బిగ్గరగా పలికితే విన్నది నమ్మశక్యంగా లేదని అర్థం. మార్గ్రెట్ జెల్టింగ్ 1996లో ప్రచురించిన పరిశోధన ప్రకారం శ్రోతలు ఈ భేదాన్ని వెంటనే గ్రహిస్తారు; మొదటి దానికి జవాబుగా మాటను తిరిగి చెబితే, రెండవ దానికి జవాబుగా వివరణ గానీ సమర్థన గానీ ఇస్తారు. కాదు అని అర్థమిచ్చే "నైన్" కూడా అచ్చును సాగదీసి పలికితే నిరాకరణ పోయి "అబ్బ, నిజంగానా!" అన్న భావమే మిగులుతుంది.

వార్త విన్నవారి ప్రతిస్పందనలో సూక్ష్మమైన శ్రమవిభజన ఉంది. జాన్ హెరిటేజ్ 1984లో ఇంగ్లీషు "ఓ" అనే పదం వక్త జ్ఞానస్థితిలో వచ్చిన మార్పును ప్రకటిస్తుందని వివరించగా, జర్మన్‌లో అదే పనిని పలు పదాలు పంచుకుంటాయని ఆండ్రేయా గొలాటో తదితరుల పరిశీలనలు తెలిపాయి. కొత్త సమాచారం అందిందని తెలిపేది "అఖ్". అంతవరకు తెగని చిక్కు విడిపోయి విషయం అర్థమైందని తెలిపేది "అఖ్ జో". ఆ వార్త మనసును తాకిందని తెలిపేది "ఓ". కాబట్టి దుర్వార్త చెప్పినవారితో "అఖ్ జో" అని ఊరుకుంటే అది నిర్లిప్తతగా వినిపిస్తుంది. హఠాత్తుగా విషయం స్ఫురించడాన్ని తెలిపే "ఆహా" అన్న మాటను ఆధారం చేసుకొని, 20వ శతాబ్ది తొలి దశకంలో మనస్తత్వవేత్త కార్ల్ బ్యూలర్ రూపొందించిన "ఆహా-ఎర్‌లేప్‌నిస్" (ఆహా అనుభవం) అన్న పారిభాషిక పదం తర్వాత జనవ్యవహారంలోకి వచ్చింది.

విన్నదాన్ని ధ్రువీకరించమని కోరే ప్రశ్నల్లో "ఎష్ట్?" (నిజమా?) అత్యంత సాధారణం, "విర్క్లిష్?" తటస్థం, "టాట్‌జెష్లిష్?" కొంత గంభీరం, "ఇమ్ ఎర్న్‌స్ట్?" (హాస్యానికి కాదు కదా?) సందేహపూర్వకం. ఇవి కేవలం జవాబు కోసం అడిగేవి కావు, చెప్పేవారిని కొనసాగించమని ప్రోత్సహించేవి. అందుకే వీటికి వచ్చే బదులు సాధారణంగా "యా, ఎష్ట్" అన్న పొడి ధ్రువీకరణతో మొదలై కథ తర్వాతి ఘట్టంలోకి సాగిపోతుంది.

జాతీయాలు

నమ్మశక్యం కాని విషయాన్ని అంతకన్నా అసంభవమైన మరొక దృశ్యంతో పోల్చడం జర్మన్ జాతీయాల్లో కనిపించే ముఖ్యమైన పద్ధతి. "ఇష్ గ్లౌప్, మైన్ ష్వైన్ ప్ఫైఫ్ట్" (నా పంది ఈల వేస్తున్నట్టుంది), "ఇష్ గ్లౌప్, మిష్ ట్రిట్ ఐన్ ప్ఫేర్ట్" (నన్ను గుర్రం తన్నుతున్నట్టుంది), "మిష్ లౌస్ట్ డేర్ అఫె" (కోతి నాకు పేలు చూస్తోంది), "డా బ్రాట్ మీర్ ఐనర్ ఐనెన్ ష్టొర్ష్" (ఎవరైనా నాకు కొంగను వేయించి పెట్టండి) అన్నవి ఈ కోవకు చెందినవి. మరొక వర్గం ఆశ్చర్యపడినవారి శారీరక స్థితిని వర్ణిస్తుంది. అటువంటివారు చదునైపోతారు ("ప్లట్"), మేజోళ్లు ఊడినట్టవుతారు ("ఫొన్ డెన్ జొకెన్"), మేఘాలన్నిటి నుంచీ కింద పడతారు ("ఔస్ అలెన్ వొల్కెన్ ఫలెన్"). పిల్లలు ఆడుకునే చెక్క దిమ్మెలను ఆశ్చర్యపడటం అని వింతగా శబ్దార్థం వచ్చే "బౌక్లోట్సె ష్టౌనెన్" కూడా నోరెళ్లబెట్టడాన్నే తెలుపుతుంది. ఇవన్నీ పరిచితుల మధ్య హాస్యఛాయతో చెల్లే మాటలు. కార్యాలయ సమావేశాల్లో వీటి స్థానాన్ని "డస్ యూబర్‌రష్ట్ మిష్" (ఇది నాకు ఆశ్చర్యం కలిగిస్తోంది) వంటి పూర్తి వాక్యాలు తీసుకుంటాయి.

మర్యాద, వ్యంగ్యం

నువ్వు, మీరు అన్న భేదాన్ని జర్మన్ "డూ", "జీ" అనే సర్వనామాలతో పాటిస్తుంది కనుక, క్రియ ఉన్న స్థిరపదబంధాలకు రెండేసి రూపాలు ఉంటాయి: మిత్రుడితో "వస్ డూ నిష్ట్ జాక్స్ట్!", "జాక్ బ్లోస్!" అనేవారు అపరిచితులతో "వస్ జీ నిష్ట్ జాగెన్!", "జాగెన్ జీ బ్లోస్!" అంటారు. బహుమతి అందుకున్నప్పుడు "డస్ వేరె డొఖ్ నిష్ట్ న్యోటిష్ గెవేజెన్!" (ఇదంతా ఎందుకండీ!) అనడం, బహుమతి ముందే ఊహించినదైనా సరే, పాటించవలసిన మర్యాద. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరైనా కొత్తగా చెప్పినప్పుడు సాగదీసి పలికే "అఖ్ నే!" వ్యంగ్యం; "అఖ్ యా?" అన్నది చెప్పినదాన్ని శంకించినట్టు వినిపించవచ్చు. "అఖ్ వస్" అన్న మాట స్వరాన్ని బట్టి ఆశ్చర్యం గానీ, తోసిపుచ్చడం గానీ, ఆసక్తి లేకపోయినా చూపే మర్యాదపూర్వకమైన శ్రద్ధ గానీ కావచ్చు. ఈ సందిగ్ధతను నవ్వులకు మలచుకున్న జర్మన్ హాస్యకారుడు లోరియో (1923–2011) ఊతపదంగా అది దేశమంతటా ప్రసిద్ధి పొందింది.

ప్రాంతీయ భేదాలు

ప్రామాణిక జర్మన్ రూపాలు అంతటా అర్థమైనా, అనుకోకుండా నోటివెంట వచ్చే మాటల్లో ప్రాంతీయత బాగా బయటపడుతుంది. ఉత్తర జర్మనీలో చూడటం అన్న అర్థమిచ్చే లో జర్మన్ క్రియతో "కీక్ మాల్ ఆన్" అనగా, దక్షిణాన బవేరియాలో, ఆస్ట్రియాలో అదే భావాన్ని "డా షౌ హేర్" అని తెలుపుతారు. బవేరియా వాసుల "డా లెక్స్ట్ డి నీడర్" (ఇక పడుకోవలసిందే), సాక్సనీలోని "ఐ ఫెర్బిప్ష్", వియన్నాలోని "నా సెర్వస్", స్విట్జర్లాండులోని "పొట్స్ టూజిక్" ఆయా ప్రాంతాల గుర్తులుగా చలామణి అవుతాయి. ఆస్ట్రియాలో సాధారణమైన "బిస్ట్ డూ డెపర్ట్!" అన్నదానికి నీకు మతిపోయిందా అని శబ్దార్థమైనా, ఆశ్చర్యార్థంలో అది ఎదుటివారిని ఉద్దేశించినది కాదు, దృశ్యం మీద వ్యాఖ్య మాత్రమే.

యువభాష, లిఖితరూపాలు

యువతరం మాటల్లో "క్రస్" దశాబ్దాలుగా నిలిచి ఉంది. తీవ్రమైనదన్న అర్థం నుంచి బయలుదేరి, మంచికీ చెడుకీ సమానంగా వర్తించే ఆశ్చర్యపదంగా స్థిరపడింది. ముసలి స్వీడన్ దేశస్థుడా అని శబ్దార్థం గల "అల్టర్ ష్వేడె" అన్న మరొక ఆశ్చర్యపదం ముప్పై ఏళ్ల యుద్ధం (1618–1648) తర్వాత బ్రాండెన్‌బర్గ్ సైన్యంలో చేరిన అనుభవజ్ఞులైన స్వీడిష్ సైనికుల నుంచి వచ్చిందన్నది సంప్రదాయ వివరణ. లాంగెన్‌షైట్ ప్రచురణ సంస్థ 2008 నుంచి నిర్వహిస్తున్న ఏటి యువపద ఎంపికలో 2025కు "డస్ క్రేజీ" ఎంపికైంది. ఆశ్చర్యాన్నీ, చెప్పడానికి ఏమీ తోచకపోవడాన్నీ ఒకే మాటతో గట్టెక్కించే పదబంధం ఇది.

రాతలో స్వరం వినిపించదు కనుక ఆశ్చర్యార్థక చిహ్నం, దానితో జతచేసిన ప్రశ్నార్థకం, సాగదీసిన అచ్చులు ఆ లోటు తీరుస్తాయి. క్రియాధాతువును ప్రత్యయం లేకుండా వాడి "ష్టౌన్" (ఆశ్చర్యం) అని రాసే పద్ధతిని, 1951లో వెలువడిన "మికీ మౌస్" పత్రిక జర్మన్ ముద్రణకు తొలి సంపాదకురాలైన ఎరికా ఫుక్స్ (1906–2005) తన అనువాదాల ద్వారా ప్రచారంలోకి తెచ్చారు. వ్యాకరణవేత్తలు "ఇన్‌ఫ్లెక్టీఫ్" అనే ఈ రూపానికి ఆమె పేరు మీద "ఎరికాటీఫ్" అన్న సరదా పేరు కూడా ఉంది. తర్వాతి కాలంలో ఇంటర్నెట్ సంభాషణల్లో నక్షత్రపు గుర్తుల మధ్య ఇది విస్తారంగా కనిపించింది.

అధ్యయనం, బోధన

మాన్‌హైమ్‌లో 1964లో స్థాపితమైన జర్మన్ భాషా సంస్థ సేకరించిన వాగ్వ్యవహార సంచయం, సహజ సంభాషణల ధ్వనిముద్రణలను లిఖితరూపాలతో సహా పరిశోధకులకు అందిస్తోంది. విరామాలనూ స్వరగతినీ గుర్తించే "గాట్" అనే లేఖన పద్ధతి 1998లో రూపొంది, 2009లో సవరణ పొందింది. నిఘంటువుల మీద, సాహిత్యం మీద ఆధారపడిన పూర్వపు వివరణల స్థానంలో వాస్తవ సంభాషణల పరిశీలన బలపడటానికి ఇవి తోడ్పడ్డాయి.

2022–23 శీతాకాల సెమిస్టర్ నుంచి జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులే అతిపెద్ద వర్గం కావడంతో, వారిలో భాగమైన తెలుగువారికి కూడా ఈ అంశం అవసరమైనదే అయింది. తెలుగు "ఉందే" అన్న ఏకారంతో తెలిపే విషయపరమైన ఆశ్చర్యాన్ని, "ఎంత వేడిగా ఉందో" అన్న ఓకారంతో తెలిపే పరిమాణపరమైన ఆశ్చర్యాన్ని వేరుగానే చూస్తుంది కనుక, "యా", "ఆబర్" భేదం తెలుగువారికి భావంగా కొత్తది కాదు. వాక్యాంత ప్రత్యయానికి బదులు వాక్యమధ్యంలోని నిపాతాన్ని ఎంచుకోవడం, దాన్ని ఒత్తకుండా పలకడం మాత్రమే అభ్యాసంతో రావలసి ఉంటుంది. నిపాతాలు లేని జర్మన్ వాక్యం వ్యాకరణరీత్యా తప్పు కాకపోయినా, శ్రోతకు అది పొడిగా, కొన్నిచోట్ల కటువుగా తోస్తుంది. అందువల్ల వీటిని విడి పదాలుగా అర్థాలతో వల్లెవేయించడం కంటే, "వస్ మఖ్స్ట్ డూ డెన్ హీర్?" వంటి సంపూర్ణ ఉక్తులుగా, అవి చెల్లే సందర్భంతోనూ స్వరంతోనూ కలిపి నేర్పడం ఎక్కువ ప్రయోజనకరంగా ఉంటుంది.